చుక్కి బతికిన కార్తీకం

మా కోడిపెట్ట చుక్కికి కుడి రెక్క మొదట్లో, అరచేతిలో సగమంత మేర, ఈకలు మళ్లీ మొలవలేదు. అక్కడ చర్మం లేత గులాబీ రంగులో, పల్చగా, లేత బొండాంలో మీగడలా నిగనిగలాడేది. ముట్టుకుంటే వెచ్చగా తగిలేది. అలా ముట్టుకోవడం దానికి నచ్చేది కాదు. మెడ తిప్పి నన్నొకసారి చూసి రెండడుగులు పక్కకి జరిగేది, అంతే. పారిపోయేది మాత్రం కాదు. ఇన్నేళ్ల తర్వాత కూడా ఆ వెచ్చదనం నా చూపుడువేలికి గుర్తుంది.

మొన్న మా ఆడపడుచు కూతురు ఏలూరు నుంచి ఫోన్ చేసి "అత్తా, మా పెట్టని కుక్క పట్టేసింది, బతుకుతుందా?" అని వెక్కి వెక్కి ఏడ్చింది. ముందు దాన్ని వెచ్చగా, చీకటిగా ఉన్న చోట పెట్టమన్నాను. నోట్లో నీళ్లు పొయ్యొద్దన్నాను. గాయం చుట్టూ ఈకలు కత్తిరించి, ఉప్పు వేసిన గోరువెచ్చటి నీళ్లతో కడిగి, తెల్లారగానే పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లమన్నాను. గడగడా చెప్పేశాను. ఫోన్ పెట్టేశాక చాలాసేపు ఏ పనీ చేయబుద్ధి కాలేదు. ఇవన్నీ ఎవరి పక్కన కూర్చుని నేర్చుకున్నానో గుర్తొచ్చి, రాయాలనిపించింది.

మాది కోనసీమ. ముమ్మిడివరానికి దగ్గర్లో చిన్న ఊరు. అప్పటికి అది తూర్పు గోదావరి జిల్లా. 1996లో నేను ఆరో తరగతి. నాన్నకి ఎకరంన్నర కొబ్బరి తోట, అందులో తొంభై చిల్లర చెట్లు. అన్నీ తాతయ్య వేసినవి. ఇల్లు ఆ తోటలోనే. పెంకుటిల్లు, వెనక వసారా, వసారాకి ఆనుకుని కోళ్ల గూడు.

చుక్కి నాటు పెట్ట. నలుపు మీద ఎవరో సున్నం చిలకరించినట్టు తెల్ల చుక్కలు. మా అమ్మమ్మగారింటి నుంచి బుట్టలో తెచ్చిన ఆరు పిల్లల్లో అదొకటి. మిగతా ఐదూ కొక్కెర తెగులుకి పోయాయి. ఆ తెగులు చూసిన వాళ్లకి తెలుసు, మెడలు మెలితిరిగిపోయి, ఊళ్లో గంపలన్నీ రెండు మూడు రోజుల్లో ఖాళీ అయిపోతాయి. అందులోంచి ఇదొక్కటే తేరుకుంది. అప్పటి నుంచి అది నాదే. నేను స్కూలు నుంచి వచ్చి సంచీ మంచం మీద పడేసే చప్పుడుకి ఎక్కడున్నా పరిగెత్తుకొచ్చేది. నా కంచంలో మెతుకులు దానికి చెందేవి. మా మామ్మ "దానికి నువ్వు వండి పెట్టు, నాకు అది పెడుతుంది" అని మురిసిపోయేది, ఎందుకంటే మామ్మ పొద్దుటి గుడ్డు చుక్కిదే.

ఆ నవంబరులో చుక్కి పొదుగు మీద ఉంది. గూట్లో అయితే మిగతా కోళ్లు తొక్కుతాయని, ధాన్యం కొట్లో ఒక మూల పాత గంపలో ఊక పోసి, పదకొండు గుడ్లు పెట్టింది మామ్మ. కోడి పొదిగితే సరిగ్గా ఇరవై ఒక్క రోజులు. నేను గోడ మీద బొగ్గుతో గీతలు గీస్తున్నాను. పదమూడో గీత గీసిన రోజు నవంబరు 6, బుధవారం.

ఆ తుపాను రాత్రి గురించి కోనసీమ వాళ్లకి నేను చెప్పక్కర్లేదు. దీపావళి ఇంకా నాలుగు రోజులుంది. నాన్న చిచ్చుబుడ్లు కూరి చేటలో ఆరబెట్టి ఉంచారు. సాయంత్రానికి గాలి మొదలైంది, చీకటి పడ్డాక అది గాలిలా లేదు. పెంకులు ఒక్కొక్కటీ కాదు, వరసలు వరసలుగా లేచిపోయాయి. మేమందరం నడిమి గదిలో పట్టె మంచం కింద దూరాం. తోటలో చెట్టు విరిగినప్పుడల్లా ఢామ్మని శబ్దం వచ్చేది. మొదట్లో నాన్న "అది బావి దగ్గర చెట్టు", "అది గట్టు మీది చెట్టు" అని పోల్చుకునేవారు. తర్వాత పోల్చుకోవడం మానేశారు.

తెల్లారేసరికి గూడు లేదు. అందులో ఉన్న నాలుగు కోళ్లూ లేవు. కొట్టు మీద కప్పు సగం పోయింది. చుక్కి గంపలో ఉంది. ఊక తడిసి ముద్దయింది, దాని ఈకలన్నీ ఒంటికి అంటుకుపోయి సగం కోడిలా కనిపిస్తోంది, కానీ గుడ్ల మీంచి లేవలేదు. గుడ్లు చల్లబడిపోయాయని మామ్మ చెవి దగ్గర పెట్టుకుని, ఊపి చూసి, ఏమీ మాట్లాడకుండా మళ్లీ దాని కిందే పెట్టేసింది. ఇంకో రెండు రోజులు అది ఆ చచ్చిన గుడ్ల మీదే కూర్చుంది. మూడో రోజు తనే లేచి బయటికొచ్చింది.

మా తోటలో నిలబడ్డ చెట్లు పదకొండు. మిగతావి కొన్ని వేళ్లతో లేచిపోయాయి, కొన్ని నడుముకి విరిగి మొండాలు నిలబడ్డాయి. భైరవపాలెం, బలుసుతిప్ప వైపు వేటకి వెళ్లిన వాళ్లు ఎందరో తిరిగి రాలేదు. మొత్తం మీద వెయ్యి మందికి పైగా పోయారు. మా ఇంట్లో మనుషులందరం ఉన్నాం. ఆ మాట మామ్మ రోజుకి పదిసార్లు అనేది. నాన్న మాత్రం వసారా అరుగు మీద కూర్చుని తోట వైపు చూస్తూ ఉండిపోయేవారు. నష్టం లెక్కలు రాసుకునే వాళ్లు వచ్చి "ఎన్ని చెట్లు పోయాయండీ?" అంటే "మీరే చూసి రాసుకోండి" అన్నారు. లేచి వాళ్ల వెంట వెళ్లలేదు. అమ్మ పెట్టినంత తినేవారు, అడిగితే ఒక మాట చెప్పేవారు. అంతే.

దీపావళి నాడు ఊరంతా చీకటి. ఆ మర్నాటి అమావాస్య ఘడియలు దాటాక కార్తీకం వచ్చింది.

కార్తీకంలో మా ఇంట్లో నీచు వండరు. మామ్మ ప్రతి సోమవారం పగలంతా ఉపవాసం ఉండి, చుక్క చూసి తినేది. మొదటి సోమవారం, నవంబరు 18. తులసికోట కూడా కూలిపోయింది కాబట్టి మట్టి కుప్ప చేసి, అందులో కొమ్మ గుచ్చి, దీపం పెట్టింది. నేను పక్కన నిలబడి చుక్క కోసం ఆకాశం వెతుకుతున్నాను. చెట్లన్నీ పోయాక ఆకాశం చాలా పెద్దదైపోయింది, నాకదే వింతగా ఉండేది. ఆ వింత చూస్తూ చుక్కి మీద గంప మూయడం మర్చిపోయాను. గూడు పోయినప్పటి నుంచీ పొద్దు వాలగానే దాన్ని వసారాలో గంప కింద పెట్టడం నా పని. ఆ రోజు అది పడిపోయిన చెట్టు మొద్దు మీద, నేలకి మూరెడు ఎత్తులో, రెక్కలు ముడుచుకుని కూర్చుని ఉంది. చీకటి పడితే కోడికి కళ్లు కనపడవు. ఏం వచ్చినా కదల్లేదు.

వచ్చింది వీధి చివర ఇంటి ఎర్ర కుక్క. మాకందరికీ తెలిసిన కుక్కే. ఇల్లు కూలిపోయి దాని వాళ్లు చుట్టాలింటికి వెళ్లిపోయారు, అది మిగిలిపోయింది. ఆ పన్నెండు రోజుల్లో ఊరి చుట్టూ పడి ఉన్న పశువుల కళేబరాలు తిని ఊళ్లో కుక్కల తీరే మారిపోయింది. ఇప్పుడు తలుచుకుంటే ఆ కుక్క మీద కోపం రాదు. అప్పుడైతే దాన్ని చంపెయ్యాలనిపించింది.

చుక్కి గొంతు నేనెప్పుడూ అలా వినలేదు. ఒక్క కేక, మధ్యలో తెగిపోయింది. నేను తిరిగి చూసేసరికి కుక్క నోట్లో నల్లటిది ఏదో ఇటూ అటూ విదిలిస్తోంది, ఈకలు దీపం వెలుగులో లేస్తున్నాయి. నా కాళ్లు కదల్లేదు. అరుగు మీంచి నాన్న ఎప్పుడు లేచారో, ఎప్పుడు దూకారో తెలీదు, చేతికందిన కొబ్బరి మట్టతో ఒక్కటి వేశారు. కుక్క వదిలేసి పారిపోయింది. ఆ పన్నెండు రోజుల్లో నాన్న తోటలోకి దిగడం అదే మొదటిసారి.

దాన్ని రెండు చేతుల్లోకి తీసుకున్నాను. ఏమీ బరువు లేదు. కళ్లు మూసేసింది, నెత్తి మీది జుట్టు పాలిపోయి బూడిద రంగైంది. వీపు మీద చర్మం నాలుగు వేళ్ల మేర చీలి, ఒక పక్కకి మడత పడి ఉంది. రెక్క కింద రెండు చిల్లులు. రక్తం చాలా కాదు, బొట్లు బొట్లుగా నా మోచేతి దాకా కారింది.

మామ్మ అప్పటికి ఏమీ తినలేదు. చుక్క పొడిచిందో లేదో కూడా చూడలేదు. పొయ్యి మీద నీళ్లు పెట్టించి, ఉప్పు వేసి, తన పాత వాయిల్ చీర చింపి, లాంతరు దగ్గర కూర్చుంది. "పట్టుకో. గట్టిగా కాదు, రొమ్ము నొక్కితే ఊపిరాడదు. రెక్కలు ఒంటికి ఆనించి పట్టుకో." కత్తెరతో గాయం చుట్టూ ఈకలు కోసింది. అంటుకున్న మట్టీ, ఈక ముక్కలూ నీళ్లతో పోయేదాకా కడిగింది. పసుపు అద్దింది. గంపలో పాత దుప్పటి పరిచి, దాన్ని పెట్టి, పైన గోనె కప్పి, పక్కన జానెడు దూరంలో లాంతరు ఉంచింది. ఆ రోజుల్లో కరెంటు లేదు, కిరసనాయిలు రేషన్‌లో వచ్చిందే. తెల్లవార్లూ లాంతరు వెలగనిస్తే మర్నాటికి ఉండదని అమ్మ నసిగింది. "ఒంట్లో వేడి పోతే అది పోతుందే" అంది మామ్మ. అమ్మ ఇంకేమీ అనలేదు. కోడి ఒంటి వేడి మనకంటే బాగా ఎక్కువ, 41 డిగ్రీలు దాటి ఉంటుందని నేను చాలా ఏళ్ల తర్వాత చదువుకున్నాను. మామ్మకి అది చేత్తో పట్టుకుంటే తెలిసేది.

పొద్దున్నే బాబాయ్ వచ్చి గోనె ఎత్తి చూశాడు. "ఇది దక్కదు వదినా. ప్రాణం ఉండగానే కోసేస్తే కూరకైనా పనికొస్తుంది. నాలుగు రోజులై అందరం పచ్చడి మెతుకులే తింటున్నాం" అన్నాడు. ఆయనేమీ చెడ్డమనిషి కాదు, ఆయన ఇల్లు మా ఇంటికంటే ఎక్కువ పాడైంది, పిల్లలు ముగ్గురు. కానీ నేను గంప మీద పడుకుని ఏడ్చాను. మామ్మ లోపల్నించే "కార్తీకమాసంరా. ఈ గుమ్మంలో కత్తి పడదు" అంది. బాబాయ్ సరేనని వెళ్లిపోయాడు. కార్తీకం చుక్కికి మూడు వారాలు గడువిచ్చింది. నిజంగా ఆ ఒక్క మాట లేకపోతే ఏమయ్యేదో నాకు తెలీదు.

అప్పుడు మా హైస్కూలు ఆవరణలో పశువుల డాక్టర్లు శిబిరం పెట్టారు. చెట్లు మీద పడి నడుములు విరిగిన గేదెలు, కాళ్లు విరిగిన ఆవులు, రేకులు కోసుకుపోయిన దూడలు, అన్నీ అక్కడే. ఆ వరసలో నేను గంప పట్టుకుని నిలబడ్డాను. ముందున్న ఒకాయన "మనుషులకే దిక్కు లేదు, కోడికా?" అన్నాడు. ఆయన పాడి గేదె ఎదురుగా కుప్పకూలి ఉంది. నేను తల దించుకున్నాను, వరసలోంచి మాత్రం కదల్లేదు.

డాక్టరు గారి కళ్లు నిద్ర లేక ఎర్రగా ఉన్నాయి. కసురుకుంటారనుకున్నాను. ఆయన గంపని బల్ల మీద పెట్టించుకుని, చుక్కి మెడ కింద వేలితో నొక్కి, "ఇదిగో పాపా, నువ్వూ నొక్కి చూడు" అన్నారు. చర్మం కింద చిటపటమంది, నూనె కాగితం నలిపినట్టు. మెడా, రొమ్మూ ఒక పక్క బూరలా ఉబ్బి ఉన్నాయి. నేను వాపనుకున్నాను. ఆయన చెప్పింది నాకు ఇప్పటికీ అక్షరం పొల్లుపోలేదు: "మనకి ఊపిరితిత్తులే ఉంటాయి. కోడికి అవి కాక ఒళ్లంతా గాలి తిత్తులుంటాయి, తొమ్మిది. కుక్క కోర దిగి ఒకటి చిరిగింది. అందుకని ఊపిరి పీల్చినప్పుడల్లా గాలి చర్మం కిందకి పోతోంది." సన్నటి సూది తీసి స్పిరిటుతో తుడిచి ఒక చోట గుచ్చారు. తుస్సుమని ఉబ్బు దిగిపోయింది. "మళ్లీ ఉబ్బితే తీసుకురా. తిత్తి తనంతట తనే మూసుకుంటుంది."

కుట్లు వెయ్యమని అడిగాను. వెయ్యనన్నారు. కుక్క కరిచిన చోట పైన కుట్టి మూసేస్తే లోపల చీము పడుతుందట. చిల్లులు తెరిచే ఉండాలి, లోపల్నించి పూడుకుంటూ రావాలి. నల్లటి పర్మాంగనేటు పలుకులు కాగితంలో పొట్లం కట్టిచ్చి, "రెండు పలుకులు చాలు. నీళ్లు లేత గులాబీ రంగు రావాలి. వంకాయ రంగు వచ్చిందంటే ఎక్కువైనట్టు, చర్మం కాలుతుంది" అన్నారు. టెర్రామైసిన్ పొడి తన దగ్గర అయిపోయిందని చీటీ రాసిచ్చారు.

ఆ చీటీ నాన్నకి ఇవ్వడానికి భయమేసింది. ఇల్లు కప్పుకోవడానికి తాటాకులు కొనాల్సిన డబ్బులు. నాన్న చీటీ చదివి, మడిచి జేబులో పెట్టుకుని, చొక్కా వేసుకుని బయటికెళ్లిపోయారు. మా ఊళ్లో మందుల షాపు మట్టిలో ఉంది. ఎదుర్లంక దగ్గర అప్పటికి వంతెన లేదు, పంటు ఎక్కి గోదావరి దాటితేనే యానాం. దారంతా చెట్లు పడి ఉండి బస్సులు కూడా సరిగ్గా తిరగడం లేదు. నాన్న దీపాలు పెట్టే వేళకి వచ్చారు. మందు పొట్లం నా చేతిలో పెట్టి, "రేపు ఎన్ని గంటలకి కడగాలంట?" అని అడిగారు. తుపాను తర్వాత నాన్న తనంతట తాను నన్నడిగిన మొదటి ప్రశ్న అది.

మర్నాటి నుంచి అదే పని. పొద్దున ఆరింటికి, సాయంత్రం ఐదింటికి. నాన్న అరుగు మీద కూర్చుని చుక్కిని ఒళ్లో పెట్టుకునేవారు. కొబ్బరి చెట్లెక్కి కాయలు కాసిన చేతులు, అరచేతులు గరుకుగా ఉప్పుకాగితంలా ఉండేవి. వాటి మధ్య అది కదలకుండా పడుకునేది. నేను గులాబీ నీళ్లు పోసి కడిగేదాన్ని. మందు నీళ్లు తాగించడానికి నా ఇంకు ఫిల్లరు వేడి నీళ్లలో మరిగించి వాడాం. ముక్కు పక్క అంచున ఒక్క చుక్క పెట్టి ఆగాలి. అది నాలుక ఆడించి మింగుతుంది. అప్పుడు రెండో చుక్క. కోడికి ఊపిరి గొట్టం కన్నం నాలుక వెనకే ఉంటుంది, నోరు తెరిచి పోశామంటే నీళ్లు నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఆరోగ్యశాఖ వాళ్లు విరేచనాలకని ఇంటింటికీ పంచిన ఓఆర్ఎస్ పొట్లాల్లో ఒకటి చుక్కి తాగింది. అది నేను ఎవరికీ చెప్పకుండా తీసుకున్నాను. నాన్న చూశారు, ఏమీ అనలేదు.

మూడు రోజులు మేత ముట్టలేదు. ఆకుపచ్చగా, నీళ్లలా రెట్ట వేసేది. కడుపులో ఏమీ లేక పసరు పడుతోందని మామ్మ అంది. నూకలు ఉడికించి పెట్టాం, చూడలేదు. చోళ్లు పెట్టాం. దానికిష్టమైన కొబ్బరి కోరు పెట్టాం.

నాలుగో రోజు గాయం దగ్గర వాసన మారింది. కడిగిన చోటు శుభ్రంగానే ఉంది గానీ, చర్మం మడత పడ్డ చోట, లోపల, ఏదో కదులుతోంది. పురుగులు. ఈగలకి ఆ నెలలో ఏం కొదవ! నాకు వాంతి వచ్చినంత పనైంది. మామ్మ పడిపోయిన సీతాఫలం చెట్టుకి ఇంకా పచ్చగా ఉన్న కొమ్మ వెతికి, ఆకు నూరి తెచ్చింది. పశువుల పుండ్లకి మా వైపు అదే మందు. ఆ పసరు అంచున అద్దగానే ఒక్కొక్కటీ పైకి రావడం మొదలుపెట్టాయి. నాన్న కళ్లజోడు పెట్టుకుని, ముల్లు తీసే శ్రావణం పట్టుకుని ఒక్కొక్కటీ తీసి కొబ్బరి చిప్పలో వేశారు. నేను మొహం తిప్పేసుకున్నాను.

"అమ్మలూ, ఇటు చూడు. లెక్కపెట్టు. లెక్కుంటే రేపు తగ్గాయో పెరిగాయో తెలుస్తుంది."

లెక్కపెట్టాను. ఇరవై మూడు. మర్నాడు ఏడు. ఆ మర్నాడు ఒకటి. ఆ తర్వాత లేవు.

పురుగులు పోయిన రోజు సాయంత్రం నాన్న పెంటకుప్ప దగ్గర గునపంతో ఏదో తవ్వుతూ కనిపించారు. చిప్పలో తెల్లగా, బొటనవేలంత లావున, అర్ధచంద్రంలా ముడుచుకున్న కొమ్ముపురుగు పిల్లలు మూడు తెచ్చారు. కొబ్బరి రైతుకి అంతకంటే శత్రువు లేదు. పెంటలో పెరిగి, రెక్కలొచ్చాక చెట్టు మొవ్వులోకి దూరి తొలిచేస్తుంది. నాన్న జీవితమంతా వాటిని ఏరి చంపుతూనే ఉన్నారు. ఆ చిప్పని చుక్కి ముందు పెట్టారు. ఒకటి మెల్లగా కదిలింది. చుక్కి తల పక్కకి వాల్చి ఒక కంటితో చూసింది. ఇంకో పక్కకి వాల్చి రెండో కంటితో చూసింది. మెడ సాచి ఒక్క పోటు పొడిచి, పైకెత్తి, మింగింది. మిగతా రెండూ అంతే. నాన్న గట్టిగా నవ్వారు. వంటింట్లో అమ్మ చేతిలో గరిటె పట్టుకునే వసారాలోకొచ్చి, కోడిని కాదు, నాన్నని చూస్తూ నిలబడిపోయింది.

ఆ మర్నాడే అనుకుంటా, పొద్దుటి కడుగుడు అయ్యాక నాన్న "పద" అని నన్ను తోటలోకి తీసుకెళ్లారు. ఒక కొసనుంచి మొదలుపెట్టి పడిపోయిన చెట్లన్నీ లెక్కపెట్టాం. నేను బొగ్గుతో ప్రతి మొద్దు మీదా అంకె వేశాను. ఎనభై నాలుగు. నాన్న ఒక్కో మొద్దు దగ్గరా ఆగి, అది తాతయ్య ఎప్పుడు వేసిందో, ఎన్ని కాయలు కాసేదో చెప్పారు. కొన్నిటి దగ్గర చెప్పలేకపోయారు. నోటుపుస్తకంలో రాసుకుని, లెక్కలు రాసుకునే వాళ్ల దగ్గరికి తనే వెళ్లారు.

చుక్కి మెల్లగా తేరుకుంది. చిల్లులు లోపల్నించి ఎర్రటి కండతో పూడుకుంటూ వచ్చాయి. మడత పడ్డ చర్మం ముక్క నల్లగా ఎండి, పెచ్చులా ఊడిపోయింది. ఒకసారి మాత్రం పక్కింటి పెట్ట వచ్చి ఆ ఎర్రటి చోట పొడిచేసింది. ఎరుపు కనిపిస్తే కోళ్లు ఊరుకోవు, సొంత గూటి కోడినైనా పొడిచి చంపేస్తాయి. అప్పటి నుంచి గాయం మీద ఊదా మందు రాసి ఎరుపు కనపడకుండా చేశాం. మళ్లీ ఉబ్బు రాలేదు. మూడో వారానికి అంచుల్లో కొత్త ఈకల మొలకలు, నీలంగా, బియ్యపు గింజల్లా వచ్చాయి. వాటిని వేలితో రాస్తే గరగరలాడేవి.

కార్తీక అమావాస్య మర్నాడు పోలి పాడ్యమి. తెల్లవారుజామున చలిలో మామ్మ, అమ్మ, నేను కాలవకి వెళ్లాం. అరటి చెట్లు కూడా పడిపోయాయి కాబట్టి దొప్పలకి ఆ ఏడాది లోటు లేదు. వీధిలో ఆడవాళ్లందరూ వచ్చారు. దీపాలు నీళ్ల మీద వదులుతుంటే కొందరు ఏడుస్తున్నారు. తిరిగి వచ్చేసరికి ఇంకా తెల్లారలేదు. గంప తీశాను. చుక్కి బయటికొచ్చి, వసారా మెట్టు దిగి, దీపావళి చిచ్చుబుడ్ల మందు ఒలికి నల్లబడ్డ ఇసకలోకి వెళ్లి, గీకి గీకి గొయ్యి చేసుకుని, పక్కకి పడుకుని, రెక్కలతో దుమ్ము ఒంటి మీదకి ఎత్తుకోవడం మొదలుపెట్టింది. బాధ ఉన్న కోడి అలా పొర్లదు. మామ్మ మెట్టు మీదే కూర్చుని "ఇంక దీనికేం ఫర్వాలేదు" అంది.

కార్తీకం వెళ్లిపోయింది. బాబాయ్ కత్తి మాట మళ్లీ ఎత్తలేదు. ఫిబ్రవరిలో చుక్కి గుడ్లకొచ్చి, పొదుగుకి కూర్చుంటే, దాని గుడ్లు చాలవని బాబాయే నాలుగు గుడ్లు తెచ్చిచ్చాడు. తొమ్మిది పిల్లలు లేచాయి. గద్ద నీడ కనిపిస్తే రెక్కలు విప్పి అన్నిటినీ లోపలికి లాక్కునేది. కుడి రెక్క పూర్తిగా విచ్చుకునేది కాదు, ఆ పక్క ఎప్పుడూ ఒక పిల్ల తలకాయ బయటికి ఉండేది. చుక్కి ఆ పక్కకే ఒరిగి కూర్చోవడం అలవాటు చేసుకుంది. ఆ తర్వాత నాలుగేళ్లు బతికింది. ముసలిదై, ఒక చలికాలం రాత్రి గంపలోనే పోయింది. దాన్ని తోటలో బావి పక్కన పెట్టాం.

నాకు అన్నిటికంటే బాగా గుర్తున్నది మాత్రం 1997 తొలకరి. నాన్న మొద్దులన్నీ తీయించి, అంబాజీపేట నుంచి కొత్త మొక్కలు తెచ్చారు. ఒక్కో గొయ్యి మూడడుగుల లోతు, మూడడుగుల వెడల్పు. కూలీలు దొరక్క సగం గోతులు తనే తవ్వారు. చుక్కి పొద్దున్నించీ ఆయన కాళ్ల దగ్గరే ఉండేది. పార పడిన చోటల్లా తడి మట్టిలోంచి వానపాములు బయటపడేవి, అది సరిగ్గా పార కిందకే దూరేది. నాన్న పార పైకెత్తి అలాగే ఆగేవారు. మోకాలి దాకా గొయ్యిలో, చొక్కా లేకుండా, వాన చినుకుల్లో, చేతులు గాల్లో పెట్టుకుని. అది వానపాముని లాగి, మింగి, ముక్కు మట్టికి అటూ ఇటూ తుడుచుకుని, పక్కకి తప్పుకున్నాకే దింపేవారు.